బిషప్పుల అధికార వివాదాలు: ఆది సంఘం నుంచి గోల్కొండ దాకా

ఒక నగరానికి న్యాయమైన బిషప్ ఎవరు, ఆయన మాట ఎంత మేర చెల్లుతుంది అన్న ప్రశ్నల మీద బిషప్పులూ వారి పక్షాలవారూ పడిన తగాదాలను బిషప్పుల అధికార వివాదాలు అంటారు. రోమా సామ్రాజ్యంలో ఇవి క్రీ.శ. 2వ శతాబ్దం చివర మొదలై 5వ శతాబ్దం నడుమకు తారస్థాయికి చేరాయి. తెలుగు నేలకు ఇదే ప్రశ్న 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యం దారిన వచ్చింది. హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఇప్పుడు ఒకే వీధి మీద పలువురు బిషప్పుల పరిధులు కలుస్తాయి. ఆ స్థితి ఎలా ఏర్పడిందో తెలియాలంటే ఈ చరిత్ర అవసరం.

పదాలు, అర్థాలు

గ్రీకులో ‘ఎపిస్కొపోస్’ అంటే పర్యవేక్షించేవాడు. తెలుగు బైబిలు దీన్ని ‘అధ్యక్షుడు’ అంటుంది. ‘ప్రెస్బుతెరోస్’ను ‘పెద్ద’ అంటుంది. తీతుకు రాసిన పత్రికలో ఈ రెండు మాటలూ ఒకే బాధ్యతకు వాడినట్టు కనిపిస్తాయి. ఫిలిప్పీ పత్రికలో ఒకే ఊరి సంఘానికి ‘అధ్యక్షులు’ అన్న బహువచనం ఉంది. అంటే ఊరికొక్క బిషప్ అన్నది మొదటినుంచీ ఉన్న పద్ధతి కాదు.

తెలుగు కతోలికులు బిషప్‌ను పీఠాధిపతి అనీ, మేత్రాణులు అనీ, ఆయన పరిధిని మేత్రాసనం అనీ, దానిలోని ఒక్కో గుడి పరిధిని విచారణ అనీ పిలుస్తారు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మెథడిస్టు సంఘాల్లో బిషప్ అన్న మాటే వాడుక. బాప్టిస్టు సంఘాల్లో ఈ పదవే లేదు. పీఠం అంటే అక్షరాలా కుర్చీ. గ్రీకు ‘కథెద్రా’కు అదే అర్థం, కథీడ్రల్ అన్న పేరు దాన్నుంచే వచ్చింది. కాబట్టి వీటిని కుర్చీ తగాదాలు అంటే అది ఎగతాళి కాదు, మాటకు మాట సరిపోయిన అనువాదం.

తగాదాలకు మూలాలు

2వ శతాబ్దం తొలి భాగంలో అంతియొకయకు చెందిన ఇగ్నేషియస్ తన ఉత్తరాల్లో సంఘమంతా ఒక్క బిషప్ చుట్టూ నిలవాలని పదేపదే కోరాడు. ఆ పద్ధతి క్రమంగా అంతటా స్థిరపడింది. పదవి ఒక్కటే అయ్యాక దానికి పోటీ తప్పలేదు. బిషప్‌ను ఆ ఊరి విశ్వాసులు, పెద్దలు ఎన్నుకునేవారు. చుట్టుపక్కల బిషప్పులు వచ్చి చేతులుంచి అభిషేకించేవారు. ఈ రెండు మెట్లలో ఏ ఒక్కదానిలో చీలిక వచ్చినా ఒకే ఊరికి ఇద్దరు తయారయ్యేవారు. ప్రజలు ఒకరిని ఎన్నుకుంటే, పొరుగు బిషప్పులు మరొకరిని అభిషేకించిన సందర్భాలు తక్కువేమీ కావు.

పదవికి ఆస్తి కూడా తోడైంది. రోమ్ బిషప్ కొర్నేలియస్ 251 ప్రాంతంలో రాసిన ఉత్తరంలోని లెక్క ప్రకారం అక్కడి సంఘానికి 46 మంది పెద్దలు, ఏడుగురు డీకన్లు ఉండేవారు. 1,500 మందికి పైగా విధవరాండ్రు, దిక్కులేనివారు సంఘం పోషణలో ఉండేవారు. ఆ ఖజానా ఎవరి చేతిలో ఉండాలన్నది చిన్న విషయం కాదు. హింస కాలంలో భయపడి వెనక్కి తగ్గినవారిని తిరిగి చేర్చుకోవాలా, వారు చేసిన అభిషేకాలు చెల్లుతాయా అన్నది మరో మూలం. చక్రవర్తి క్రైస్తవుడయ్యాక రాజధాని మారినా, రాష్ట్రం రెండుగా చీలినా ఆ గీతలు సంఘం మీదా పడ్డాయి.

ఒకే పీఠానికి ఇద్దరు: రోమ్, కార్తేజ్, అంతియొకయ

251లో కొర్నేలియస్‌ను రోమ్ బిషప్‌గా ఎన్నుకోగానే నొవేషియన్ అనే పెద్ద పోటీ బిషప్‌గా అభిషేకం పొందాడు. డీషియస్ చక్రవర్తి హింసలో విశ్వాసం వదిలినవారిపై కొర్నేలియస్ మెత్తగా ఉన్నాడని ఆయన అభ్యంతరం. సిద్ధాంతంలో నొవేషియన్‌కూ ఇతరులకూ పెద్ద తేడా లేదు. అయినా ఆయన వర్గం విడి సంఘంగా కొన్ని శతాబ్దాలు నడిచింది. కార్తేజ్ బిషప్ సిప్రియన్ ఈ విషయంలో కొర్నేలియస్ పక్షాన నిలిచాడు. కొద్ది ఏళ్లకే, చీలికవర్గం ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా అన్న ప్రశ్న మీద రోమ్ బిషప్‌గా తర్వాత వచ్చినవారిలో ఒకడైన స్టీఫెన్‌తో ఆయనే తలపడ్డాడు. 256 సెప్టెంబరులో కార్తేజ్‌లో కూడిన 87 మంది బిషప్పులు సిప్రియన్ మాటే బలపరిచారు.

కార్తేజ్‌లోనే 4వ శతాబ్దం ఆరంభంలో చాలా దీర్ఘమైన చీలిక పుట్టింది. కొత్త బిషప్ కెసీలియన్‌ను అభిషేకించినవారిలో ఒకరు హింస కాలంలో పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించాడన్న ఆరోపణ వచ్చింది. నుమీడియా ప్రాంత బిషప్పులు ఆ అభిషేకం చెల్లదన్నారు, మజోరినస్‌ను పోటీగా నిలబెట్టారు. అతని తర్వాత డొనాటస్ వచ్చాడు, వర్గానికి అతని పేరే మిగిలింది. కెసీలియన్ వ్యతిరేక పక్షం చక్రవర్తి కాన్‌స్టంటైన్‌కు అర్జీ పెట్టుకుంది. 313లో రోమ్‌లో, 314లో ఆర్ల్‌లో కూడిన సభలు కెసీలియన్‌వైపే తీర్పు చెప్పినా ఉత్తర ఆఫ్రికాలో ఊరూరా ఇద్దరేసి బిషప్పులు మిగిలారు. నూరేళ్ల తర్వాత, 411లో, కార్తేజ్‌లో ఇరుపక్షాలను ముఖాముఖి కూర్చోబెట్టినప్పుడు ఒక్కో వైపు దాదాపు 280 మంది బిషప్పులు హాజరయ్యారు. ఒక ప్రాంతమంతా రెండు సమాన పాలనలుగా చీలిందనడానికి ఇంతకంటే తిరుగులేని లెక్క ఆది సంఘ చరిత్రలో దొరకదు.

అంతియొకయలో వివాదం ఆస్తి దగ్గర తేలింది. 268లో అక్కడి సభ సమోసతకు చెందిన పౌలును పదవినుంచి తొలగించినా ఆయన సంఘ భవనం ఖాళీ చేయలేదు. 272లో చక్రవర్తి ఆరేలియన్ ముందుకు ఫిర్యాదు వెళ్లింది. ఇటలీ, రోమ్ బిషప్పులు ఎవరితో ఉత్తరప్రత్యుత్తరాలు నడుపుతారో వారికే భవనం చెందుతుందని ఆయన తేల్చాడు. ఆరేలియన్ క్రైస్తవుడు కాడు. సంఘం తన తగాదాను రాజు గడప ఎక్కించడానికి రాజు క్రైస్తవుడై ఉండాలన్న నియమమేమీ పెట్టుకోలేదన్నమాట. అదే నగరంలో 362 తర్వాత, నైసియా విశ్వాసాన్నే ఒప్పుకున్న మెలీషియస్, పౌలీనస్ ఇద్దరూ బిషప్పులుగా కొనసాగారు. రోమ్, అలెగ్జాండ్రియా ఒకరిని గుర్తిస్తే తూర్పు బిషప్పుల్లో ఎక్కువమంది రెండో ఆయనను గుర్తించారు.

366 నాటి రోమ్‌లో తగాదా రక్తపాతం దాకా వెళ్లింది. డమాసస్, ఉర్సీనస్ వర్గాలు గుడిలోనే కొట్టుకున్నాయి. క్రైస్తవుడు కాని చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెల్లినస్, ఒక్కరోజులో 137 శవాలు దొరికాయని రాశాడు. ఆ పదవికి వచ్చే కానుకలు, రథాలు, విందులు చూస్తే జనం దానికోసం కొట్టుకోవడంలో వింత లేదని కూడా ఆయన వ్యాఖ్యానించాడు.

నైసియా నియమాలు (325)

కాన్‌స్టంటైన్ పిలిచిన నైసియా మహాసభ పేరు చెప్పగానే విశ్వాస ప్రమాణం, ఏరియస్ వాదం గుర్తుకొస్తాయి. ఆ సభ చేసిన 20 నియమాలను తిరగేస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. వాటిలో చాలా భాగం అంతకుముందు జరిగిన ఏదో ఒక తగాదాకు చెప్పిన పంచాయతీ తీర్పులే. 4వ నియమం బిషప్ అభిషేకానికి కనీసం ముగ్గురు బిషప్పులు ఉండాలంది, ప్రాంత ముఖ్య బిషప్ సమ్మతి తప్పనిసరి చేసింది. 5వది ఏటా రెండుసార్లు ప్రాంతీయ సభ జరపమంది. 6వది అలెగ్జాండ్రియా, రోమ్, అంతియొకయల పాత హక్కులను ఖాయం చేసింది. 8వది నొవేషియన్ వర్గం తిరిగి కలిసినప్పుడు వారి బిషప్‌ను ఏం చేయాలో చెబుతూ, ఒక నగరంలో ఇద్దరు బిషప్పులు ఉండకూడదన్న సూత్రాన్ని నమోదు చేసింది. 15వది బిషప్ ఒక ఊరినుంచి మరో ఊరికి మారకూడదంది.

ఈ చివరి నియమం తర్వాతి కాలంలో ఆయుధంగా మారింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ బిషప్‌గా ఉన్న నజియాంజస్ గ్రెగొరీ అంతకుముందే వేరే ఊరికి అభిషేకం పొందాడని ప్రత్యర్థులు లేవనెత్తారు. ఆయన మహాసభ మధ్యలోనే రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

ఆ వేరే ఊరి కథా హద్దుల తగాదానే. వేలెన్స్ చక్రవర్తి 372 ప్రాంతంలో కప్పదొకియను రెండు రాష్ట్రాలుగా చీల్చాడు. కొత్త రాష్ట్రానికి ముఖ్యపట్టణమైన త్యానాలో బిషప్ అంథిమస్ ఉండేవాడు. రాష్ట్రం మారింది కనుక అందులోని సంఘాలూ ఆదాయమూ తనవేనన్నాడు. కైసరియ బిషప్ బాసిల్ ఒప్పుకోలేదు. పట్టు నిలుపుకోవడానికి ససీమా అనే దారిపక్క మజిలీ ఊరికి తన మిత్రుడు గ్రెగొరీని బిషప్‌ను చేశాడు. దుమ్ము, బండ్ల రొద తప్ప ఏమీ లేని ఊరని గ్రెగొరీ జీవితాంతం నొచ్చుకున్నాడు. 2016 అక్టోబరు 11న ఉప్పల్, నాచారం రంగారెడ్డి జిల్లానుంచి విడివడి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరాయి. ఏ ఫైలు ఏ కలెక్టరేటుకు పోవాలన్న గందరగోళం చూసినవారికి అంథిమస్ వాదన కొత్తగా అనిపించదు.

పీఠానికి పీఠానికి మధ్య: అలెగ్జాండ్రియా, కాన్‌స్టాంటినోపుల్

330లో రాజధాని అయిన కాన్‌స్టాంటినోపుల్‌కు పాత సంఘ ప్రతిష్ఠ లేదు. 381 మహాసభ దాని బిషప్‌కు రోమ్ తర్వాతి గౌరవస్థానం ఇచ్చింది. అప్పటిదాకా తూర్పున మొదటి స్థానంలో ఉన్న అలెగ్జాండ్రియా దీన్ని జీర్ణించుకోలేదు. ఆ నగర బిషప్ అథనాసియస్ 328 నుంచి 373 దాకా పదవిలో ఉండి ఐదుసార్లు ప్రవాసం పోయిన మనిషి. రాజసభతో పోరాడటం ఆ పీఠానికి అలవాటే.

తర్వాతి డెబ్బై ఏళ్లలో అలెగ్జాండ్రియా బిషప్పులు ముగ్గురు, కాన్‌స్టాంటినోపుల్ బిషప్పులు ముగ్గురిని పడగొట్టారు. 403లో థియోఫిలస్ ‘ఓక్ సభ’ జరిపి, వాక్చాతుర్యానికి పేరుపొందిన జాన్ క్రిసోస్టంను తొలగింపజేశాడు. జాన్ 407లో ప్రవాసంలోనే చనిపోయాడు. 431లో థియోఫిలస్ మేనల్లుడు సిరిల్ ఎఫెసు మహాసభలో నెస్టోరియస్‌ను తొలగింపజేశాడు. అంతియొకయ బిషప్ బృందం చేరకముందే సభ మొదలుపెట్టేశాడు. వారు వచ్చి పోటీ సభ పెట్టి సిరిల్‌నే తొలగించారు. తర్వాత రాజసభలోని పెద్దలకు అలెగ్జాండ్రియానుంచి బంగారం, తివాచీలు, దంతపు కుర్చీలు వెళ్లాయి. ఆ జాబితా ఒక ఉత్తరంలో నేటికీ మిగిలి ఉంది. 449లో సిరిల్ వారసుడు డియోస్కోరస్ ఎఫెసులోనే ఇంకో సభ జరిపి ఫ్లేవియన్‌ను తొలగించాడు. ఫ్లేవియన్ కొద్దికాలానికే మరణించాడు. రోమ్ బిషప్ లియో దాన్ని దొంగల సభగా తిట్టిపోశాడు.

451లో చాల్సిడన్ మహాసభ డియోస్కోరస్‌ను తొలగించింది. అదే సభ 28వ నియమం ద్వారా కాన్‌స్టాంటినోపుల్ హక్కులను పెంచింది. లియో దానికి ఒప్పుకోలేదు. క్రీస్తు స్వభావం గురించిన చర్చ ఈ తగాదాలన్నిటిలో నిజమైనదే, ప్రాణాలమీదికి తెచ్చుకునేంత గాఢమైనదే. కానీ ఏ వాదం ఏ నగరంలో గెలిచిందో చూస్తే పీఠాల పోటీని పక్కనపెట్టి దాన్ని వివరించడం కష్టం. ఈజిప్టు, సిరియా సంఘాల్లో పెద్ద భాగం చాల్సిడన్ తర్వాత వేరుపడింది.

పారశీక సామ్రాజ్యంలోని సంఘం తన తగాదాలను తానే తేల్చుకుంది. 410 నాటి సభ రాజధాని సెల్యూకియా–టెసిఫోన్ బిషప్‌ను అందరికీ పెద్దగా గుర్తించింది. 424 నాటి సభ పడమటి బిషప్పులకు అప్పీలు చేసుకునే దారి మూసేసింది. కేరళలోని తోమా క్రైస్తవులకు శతాబ్దాలపాటు బిషప్పులను పంపినది ఈ తూర్పు సంఘమే. ఉప్పల్, నాచారాల కథలో ఇది మళ్లీ వస్తుంది.

గోల్కొండలో: పద్రువాదో, ప్రొపగాండ

పోర్చుగల్ రాజుకు తూర్పు దేశాల్లో బిషప్పులను ప్రతిపాదించే హక్కు ఉండేది. దాన్ని ‘పద్రువాదో’ అంటారు. గోవా, 1606లో ఏర్పడిన మైలాపూర్ మేత్రాసనాలు దాని కిందివి. అయితే పోర్చుగీసు జెండా లేని బీజాపూర్, గోల్కొండ సుల్తానుల రాజ్యాల్లో ఆ హక్కు ఎంతవరకు చెల్లుతుంది? రోమ్ 1622లో ‘ప్రొపగాండ ఫిదే’ అనే శాఖను పెట్టింది. దాని తరఫున ‘వికార్ అపోస్తలిక్’ హోదాలో బిషప్పులను నేరుగా పంపింది.

అలా వచ్చిన తొలివారిలో మతేవుస్ డి కాస్ట్రో ప్రముఖుడు. గోవా దగ్గరి దివార్ దీవికి చెందిన బ్రాహ్మణ కుటుంబీకుడు. గోవాలో గురువుగా అభిషేకించడానికి నిరాకరిస్తే రోమ్ వెళ్లి చదివి గురువయ్యాడు. 1637లో బిషప్‌గా అభిషేకం పొందాడు. బీజాపూర్ ఆయన పరిధి, ఆ బాధ్యతకు గోల్కొండ కూడా జతపడింది. గోవా అధికారులు ఆయన పత్రాలను గుర్తించలేదు, ఆయన చేసిన అభిషేకాలను ప్రశ్నించారు. ఆయన గోవా హద్దు దాటి ఆదిల్‌షాహీ నేలలోని బిచోలిలో మకాం పెట్టాడు. 1653లో గోవా బ్రాహ్మణ క్రైస్తవులను ఉద్దేశించి ఒక ఘాటైన రచన చేశాడు. బీజాపూర్‌నూ డచ్చివారినీ గోవాపైకి ఉసిగొల్పుతున్నాడని పోర్చుగీసువారు నేరం మోపారు. చివరికి రోమ్ చేరి 1677లో అక్కడే మరణించాడు. ఆయన తర్వాత కుస్టోడియో డి పిన్హో వికార్‌గా వచ్చాడు. అభిషేకం చెల్లుతుందా, హద్దు ఎక్కడ, రాజు ఎవరివైపు అనే ఆది సంఘపు ప్రశ్నలు మూడూ దక్కనులో మళ్లీ లేచాయి. ఈసారి వాటికి కులమూ రంగూ తోడయ్యాయి.

హైదరాబాదుకు ఇంకా దగ్గరి ఉదంతం కపుచిన్ సన్యాసి ఎఫ్రాయిమ్ డి నెవెర్‌ది. ఆయన బిషప్ కాదు, ప్రొపగాండ తరఫు మిషనరీ. వజ్రాల వర్తకుడు టావెర్నియే రాసిన ప్రకారం, భాగ్‌నగర్ (హైదరాబాదు) వచ్చిన ఆయనను గోల్కొండ సుల్తాను అల్లుడు అక్కడే ఉండిపొమ్మని, గుడి కట్టిస్తానని అడిగాడు. ఆయన మచిలీపట్నం వెళ్లి, తర్వాత మద్రాసులో స్థిరపడ్డాడు. 1649లో మైలాపూర్ పోర్చుగీసువారు ఆయనను పట్టుకుని గోవా మతన్యాయస్థానానికి పంపారు. ఆయనను విడిపించేందుకు గోల్కొండ సేనాని మీర్ జుమ్లా మైలాపూర్‌ను దిగ్బంధించాడని టావెర్నియే చెబుతాడు. రెండు క్రైస్తవ అధికారాల మధ్య ముస్లిం సుల్తాను మధ్యవర్తి కావడం ఆరేలియన్ నాటి అంతియొకయను గుర్తుచేస్తుంది.

ఈ పెనుగులాట 19వ శతాబ్దం దాకా నడిచింది. 1838లో పోపు 16వ గ్రెగొరీ మైలాపూర్‌తో సహా కొన్ని పద్రువాదో మేత్రాసనాల అధికారాన్ని రద్దు చేశాడు. గోవా పక్షపు గురువులు లొంగలేదు. ఒకే ఊళ్లో రెండు విధేయతల గుళ్లు మిగిలాయి. 1851లో హైదరాబాదు మద్రాసునుంచి వేరుపడి ప్రొపగాండ కింద విడి వికారియేట్ అయింది. ఐరిష్ బిషప్ డేనియల్ మర్ఫీ దాని తొలి అధిపతి. ఆ తర్వాత మిలాన్ మిషనరీలు బాధ్యత తీసుకున్నారు. 1886 ఒప్పందంతో భారతదేశమంతటా క్రమబద్ధమైన మేత్రాసనాలు ఏర్పడ్డాయి, హైదరాబాదూ వాటిలో ఒకటైంది. 1953లో అది అగ్రపీఠం అయింది.

నంద్యాల

ప్రొటెస్టంట్లలో ఇలాంటి తగాదాకు దగ్గరి ఉదాహరణ నంద్యాల. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్. సంఘాల ఐక్యత కోసం పాటుపడ్డ ఆయన 1945 జనవరి 1న మరణించాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పలు సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు ఆయన మేత్రాసనంలోనే భాగమైన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఎక్కువమంది కలవలేదు. బిషప్ అభిషేకం లేని సంఘాలనుంచి వచ్చిన సేవకులతో ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చుంటామన్నది వారి అభ్యంతరం. కలకత్తా మెట్రోపాలిటన్ అధికారం కింద వేరుగా ఉండి, 1970ల నడుమ సి.ఎస్.ఐ.లో చేరారు.

ఉప్పల్, నాచారం: ఒకే వీధి, పలు పీఠాలు

ఉప్పల్, నాచారం లాటిన్ కతోలికుల హైదరాబాదు అగ్రపీఠంలో ఉన్నాయి. దాని అధిపతి పూల ఆంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆ పదవి అందుకున్న మొదటివారు ఆయనే. ఉప్పల్‌ను ఆనుకున్న రామంతాపూర్‌లో గురువిద్యార్థులకు వేదశాస్త్రం నేర్పే సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీ ఉంది. సి.ఎస్.ఐ. విశ్వాసులకు ఇదే ప్రాంతం మెదక్ డయోసిస్‌లోకి వస్తుంది. మెథడిస్టులకు వేరే బిషప్ ఉంటారు.

నాచారం, మౌలాలి పరిశ్రమలూ, హబ్సిగూడ, ఈసీఐఎల్ ప్రాంతాల కేంద్ర ప్రభుత్వ సంస్థలూ కేరళ కుటుంబాలను ఇక్కడికి రప్పించాయి. వారిలో తోమా క్రైస్తవుల్లో ఒక శాఖ అయిన, తూర్పు సిరియా ఆరాధనక్రమం పాటించే సీరో–మలబార్ కతోలికులు ఉన్నారు. వీరికోసం పోపు ఫ్రాన్సిస్ 2017 అక్టోబరులో శంషాబాద్ మేత్రాసనాన్ని ఏర్పరచి, మార్ రాఫేల్ తట్టిల్‌ను తొలి బిషప్‌గా నియమించారు. దేశంలో అప్పటికి సీరో–మలబార్ మేత్రాసనాలు లేని ప్రాంతాలన్నీ దాని పరిధిలోకి వచ్చాయి. ఒకే నేలమీద పరిధులు కలిసినంత మాత్రాన అది సమస్య కాకూడదని పోపు భారత బిషప్పులకు రాసిన లేఖలో వాదించారు. నైసియా 8వ నియమం వెనకటి సూత్రం కతోలిక సంఘంలో ఆరాధనక్రమాల మేరకు సడలిందన్నమాట. లాటిన్ బిషప్పుల్లో కొందరు చాలాకాలం ‘ఒక నేల, ఒక బిషప్’ వాదన వినిపించారు.

కేరళ తోమా క్రైస్తవుల్లోనే మరో శాఖ అయిన మలంకర సంఘంలో ఆర్థడాక్స్, యాకోబైట్ వర్గాల మధ్య వివాదం మాత్రం పాత పద్ధతిలోనే సాగుతోంది. 1911లో అంతియొకయ పాత్రియార్కు మలంకర మెట్రోపాలిటన్‌ను బహిష్కరించడంతో మొదలై, 1912లో విడిగా కాథలికేట్ (సొంత అధిపతి పీఠం) ఏర్పడటంతో ముదిరింది. సుప్రీంకోర్టు 1958లో, 1995లో, 2017లో ఇచ్చిన తీర్పుల తర్వాత కూడా గుళ్ల స్వాధీనం మీద గొడవలు ఆగలేదు.

కతోలికుల్లో ఎవరు ఏ బిషప్ కిందికి వస్తారో తేల్చేది చిరునామా ఒక్కటే కాదు. 1991లో అమల్లోకి వచ్చిన తూర్పు సంఘాల చట్టం ప్రకారం బిడ్డ సాధారణంగా తండ్రి ఆరాధనక్రమానికి చెందుతుంది. సీరో–మలబార్ వరుడు లాటిన్ వధువును చేసుకుంటే, తగిన కారణం లేనప్పుడు, పెళ్లి వరుడి విచారణ గురువు ముందు జరగాలి. కాబట్టి నాచారంలో ఒకే అపార్టుమెంటులో ఎదురెదురు తలుపుల వాళ్లకు వేర్వేరు పీఠాధిపతులు ఉండవచ్చు. ఆ రెండు ఇళ్ల మధ్య పెళ్లి కుదిరితే ముందుగా అడగాల్సిన ప్రశ్న ఏ గుడి రిజిస్టరులో రాయించాలన్నదే.